అంగడి కంప్యూటర్ మీద తుపాకుల గేమ్

ప్రశ్న: నలుగురం బీటెక్ ఫ్రెండ్స్ కలిసి మల్టీప్లేయర్ షూటింగ్ గేమ్ చేస్తున్నాం. మ్యాప్ చంద్రగిరి కోట. తుపాకులు 23 పెట్టాం కానీ అందరూ స్నైపరే పట్టుకుంటున్నారు. నిమిషానికి 600, 900 తూటాలు పేల్చే రెండు గన్‌లు ఆడేటప్పుడు ఒకేలా ఉంటున్నాయి. ఏవి ఉంచాలి? సర్వర్ సెకనుకు 20 టిక్‌లు. ఒక ఫ్రెండ్ వాళ్ల నాన్న అంగడిలో బిల్లింగ్ కంప్యూటర్ మీద నడుపుతున్నాం. స్టాటిక్ ఐపీ (మారని ఇంటర్నెట్ చిరునామా) తీసుకుని రౌటర్‌లో డీఎంజెడ్ ఆన్ చేశాం.
- బాలాజీ కాలనీ, తిరుపతి

జవాబు: ఇలాంటి ఉత్తరం నాకిది మూడోది. మ్యాపులే వేరు, గోడు ఒక్కటే. 23 ఎందుకు తమ్ముళ్లూ? దగ్గరికి షాట్‌గన్, మధ్య దూరానికి రైఫిల్, దూరానికి స్నైపర్, అన్నీ ఖాళీ అయితే పిస్తోలు. చాటున నక్కినవాణ్ణి బయటికి రప్పించడానికి గ్రెనేడ్. అంతే.

అందరూ స్నైపర్ ఎత్తుకోవడం మాత్రం తుపాకీ తప్పు కాదు, మ్యాప్ తప్పు. రాజమహల్ ముందున్న ఖాళీ జాగాను ఉన్నదున్నట్టు దించేసి ఉంటారు. పై అంతస్తు ఎక్కినవాడికి ఇక అడ్డేముంది? అక్కడక్కడా మొండిగోడలు లేపండి.

రెండు గన్‌లు ఒకేలా ఉండటం మీ భ్రమ కాదు. 20 టిక్‌లంటే సర్వర్ 50 మిల్లీసెకన్లకోసారి కళ్లు తెరుస్తుంది. 900 గన్ 67 మిల్లీసెకన్లకే సిద్ధమైనా, సర్వర్ చూసేది 100 దగ్గర. 600 గన్‌కూ సరిగ్గా అదే 100. మీ కోడ్ ప్రతి తూటాకూ టైమర్‌ను సున్నా నుంచి మొదలుపెడుతున్నట్టుంది. అలా కాకుండా, ఆలస్యమైన ఆ 33 మిల్లీసెకన్లను తర్వాతి తూటాకు జమ చేయండి.

ఇంకోటి, అడక్కపోయినా చెప్తున్నా. 'తగిలింది, ఎదుటివాడి ప్రాణంలో వంద పాయింట్లు పోయాయి' అని ఆడేవాడి ఫోన్ చెబితే సర్వర్ నమ్మకూడదు. ఫోన్ చెప్పాల్సింది ఎటు గురిపెట్టి ఎప్పుడు నొక్కాడన్నదే. చేతిలో ఏ గన్ ఉంది, తూటాలు మిగిలాయా, మధ్యలో గోడ ఉందా, ఇవన్నీ సర్వరే తేల్చాలి. లేదంటే వారం తిరక్కుండా మీ హాస్టల్లోనే ఒకడు పిస్తోలుతో కోటంతా ఖాళీ చేస్తాడు.

సరే, అది గేమ్. మీ ఉత్తరంలో ఆఖరి వాక్యం చదివాక నాకు తుపాకుల మీద ధ్యాసే పోయింది. డీఎంజెడ్ అంటే ఏమనుకున్నారు? బయటి నుంచి రౌటర్ తలుపు తట్టిన ప్రతివాణ్ణీ, ఏ పోర్టుకు (ఒక్కో పనికి ఒక్కో నంబరున్న తలుపు అనుకోండి) వచ్చినా సరే, నేరుగా ఆ కంప్యూటర్ దగ్గరికి పంపేయడం. గేమ్‌కు కావాల్సింది డేటాను వేగంగా పంపే యూడీపీ పోర్టు ఒక్కటే. మీరు ఇంటికున్న తలుపులన్నీ తీసిపెట్టారు. బిల్లింగ్ డేటాబేస్, ఫైల్ షేరింగ్, రిమోట్ డెస్క్‌టాప్, ఆన్‌లో ఉన్నవన్నీ బజార్న పడ్డట్టే. తెరిచిన పోర్టుల కోసం రాత్రింబవళ్లు ఇంటర్నెట్ అంతా వెతికే ప్రోగ్రాములున్నాయి. వాటికి మీ అంగడి చిన్నదా పెద్దదా అన్న పట్టింపు లేదు. ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే రాన్సమ్‌వేర్ ఒక్కటి దూరితే, ఎవరు ఎంత బాకీయో మీ ఫ్రెండ్ వాళ్ల నాన్న నోటికి గుర్తున్నదే లెక్క.

మీ ఒక్కరినే అనను. ఈ రౌటర్లు చేసేవాళ్లకు ఆ బటన్ పక్కన తెలుగులో ఒక్క హెచ్చరిక రాయడానికి ఏం ఖర్చు? మా ఇంట్లో బిగించడానికి వచ్చినబ్బాయి డబ్బా మీద మార్కర్‌తో పాస్‌వర్డ్ రాసి వెళ్లాడు. అడిగితే, మా వీధిలో అందరికీ అదేనట. గుర్తుంటుందని!

గేమ్ సర్వర్‌ను నెల అద్దెకు దొరికే చిన్న క్లౌడ్ మెషీన్‌కు మార్చండి. నలుగురూ పంచుకుంటే భారం కాదు. ఇవాళ అంగడి మూసేలోపు డీఎంజెడ్ ఆపేసి, రౌటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి. కంప్యూటర్‌ను యాంటీవైరస్‌తో ఒకసారి పూర్తిగా స్కాన్ చేసి, బిల్లింగ్ డేటాను పెన్‌డ్రైవ్‌లోకి తీసి, ఆ పెన్‌డ్రైవ్‌ను పీకి బీరువాలో పెట్టండి.

అన్నట్టు, ఇదంతా ఆ నాన్నగారికి తెలుసో లేదో మీరు రాయలేదు.