పక్క లేనే ఎందుకు ముందుకు పోతుంది?

ప్రశ్న: రోజూ రానూపోనూ రెండు గంటలు కారులో హైవే మీదే గడుస్తుంది. వంతెన ఎక్కగానే చక్రాల కింద టకటకమని ఆ చప్పుడేమిటి? సొరంగంలో పట్టపగలు అన్ని లైట్లు, అదీ మొదట్లోనే ఎక్కువ, ఎందుకు? అన్నిటికన్నా పెద్ద డౌటు, నేనున్న లేన్ తప్ప పక్క లేనే ఎప్పుడూ కదులుతుందేం?

జవాబు: మూడోదాంతోనే మొదలుపెడతాను, అది నా బాధ కూడా. 1999లో డొనాల్డ్ రెడెల్మెయర్ అనే కెనడా డాక్టరు, రాబర్ట్ టిబ్షిరాని అనే గణాంక నిపుణుడు కలిసి 'నేచర్' పత్రికలో దీని మీదే రాశారు. రెండు లేన్లదీ సగటున ఒకే వేగం అనుకోండి. మన లేన్ కదిలినప్పుడు పక్కన ఆగినవి ఒకదాని వెనక ఒకటి అతుక్కుని ఉంటాయి కాబట్టి పది కార్లను చిటికెలో దాటేస్తాం. అదే పది కార్లు మనల్ని దాటేటప్పుడు ఎడంఎడంగా, ఒక్కొక్కటే వస్తాయి, ఎంతకీ తెమలవు. పైగా మనం దాటినవి వెనక్కి పోయి కనబడకుండా పోతాయి, మనల్ని దాటినవి మాత్రం కళ్ళెదుటే ఉండి ఉడికిస్తుంటాయి. ఆ ఉక్రోషంలో లేన్ మార్చి దూరితే వెనకవాడు బ్రేక్ వేస్తాడు, వాడి వెనకవాడు ఇంకాస్త గట్టిగా వేస్తాడు. జపాన్‌లో 230 మీటర్ల గుండ్రటి దారిలో 22 కార్లను ఒకే వేగంతో తిరగమన్నారు. సిగ్నల్ లేదు, యాక్సిడెంట్ లేదు, అయినా కాసేపటికి జామ్ తయారైంది! కార్లు ముందుకు పోతుంటే ఆ జామ్ గంటకు 20 కిలోమీటర్ల వేగంతో వెనక్కి పాకింది. 2008లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి.

వంతెన చప్పుడు సంగతి చిన్నదే. ఎండకు కాంక్రీటు సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది. వంద మీటర్ల వంతెన 40 డిగ్రీల తేడాకు సుమారు 4 సెంటీమీటర్లు మారుతుంది. అందుకే మధ్యమధ్య సందు వదిలి ఎక్స్‌పాన్షన్ జాయింట్ పెడతారు. కొన్నిచోట్ల రబ్బరు పట్టీ ఉంటుంది, పెద్ద వంతెనల్లో రెండు దువ్వెనలు పళ్ళలో పళ్ళు దూర్చినట్టు ఇనుప పలకలు ఉంటాయి. చక్రం వాటి మీద నుంచి పోయినప్పుడల్లా మీకు వినబడేది ఆ టక్కే. ఎండాకాలం మధ్యాహ్నం ఆ సందు సన్నబడుతుంది, చలికాలం తెల్లవారుజామున వెడల్పవుతుంది.

ఇక సొరంగం. ఎండలోంచి ఒక్కసారిగా చీకట్లోకి వెళితే కళ్ళు సర్దుకోవడానికి టైం పడుతుంది, ఆలోపు కారు ఎంతో దూరం పోయుంటుంది. అందుకే మొదట్లో లైట్లు దట్టంగా పెట్టి, లోపలికి పోయేకొద్దీ తగ్గిస్తారు. రాత్రయితే బయటే చీకటి కాబట్టి మొదట్లో కూడా ఆ వెలుగు అక్కర్లేదు, పగటికన్నా తగ్గించేస్తారు. అలవాటు లేనివాళ్ళకి ఇది తిరకాసుగా ఉంటుంది. నార్వేలో 2000లో తెరిచిన లేర్డాల్ సొరంగానిది ఇంకో చిక్కు: 24.5 కిలోమీటర్ల పొడవు, దాదాపు 20 నిమిషాలు అదే గోడ చూస్తూ నడపాలి. డ్రైవరు కునుకు తీయకుండా దారిలో మూడుచోట్ల గుహల్లా వెడల్పుగా తవ్వి, తెల్లవారబోతున్నట్టు నీలం, పసుపు లైట్లు పెట్టారు.