పీఆర్వోగా చేరబోతున్న అమ్మలుకు

అమ్మలూ,

ఆశీస్సులు. మందుల ఫ్యాక్టరీలో పీఆర్వోగా, అంటే కంపెనీ తరఫున పేపర్లకీ జనానికీ సమాచారం చెప్పే పౌరసంబంధాల అధికారిగా, ఉద్యోగం వచ్చిందని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. చాలా సంతోషమేసింది. నేను రిటైరయ్యేదాకా చేసింది ఆ పనే కాబట్టి, "నాలుగు మాటలు రాసి పంపు అన్నయ్యా, దానికి ధైర్యంగా ఉంటుంది" అన్నాడు.

ప్రెస్ నోట్ ఏ ఫార్మాట్‌లో ఉండాలి, ఏ డెస్క్‌కి ఎన్ని గంటల్లోపు పంపాలి లాంటివి నెల తిరిగేసరికి నీకే వచ్చేస్తాయి. అసలు ఈ వృత్తి ఎలా మొదలైందో చెప్తాను. నీకు మొదట్లోనే ఎదురయ్యే చిక్కు, ఈ పనిని వృత్తిగా నిలబెట్టినవాళ్లకీ ఎదురైంది. వాళ్లు ఎక్కడ గట్టిగా నిలబడ్డారో, ఎక్కడ జారారో తెలిస్తే నీకు పనికొస్తుంది.

1902లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో లక్షకు పైగా బొగ్గుగని కార్మికులు సమ్మెకు దిగారు. వాళ్ల నాయకుడు జాన్ మిచెల్ విలేకరులను పిలిచి కూర్చోబెట్టి అన్నీ వివరంగా చెప్పేవాడు. యజమానుల తరఫున ముందున్న జార్జ్ బేర్ మాత్రం విలేకరులతో మాట్లాడటమే తన స్థాయికి తక్కువనుకునేవాడు. కార్మికుల బాగోగులు చూసేది దేవుడు ఆస్తులు అప్పగించిన పెద్దమనుషులే తప్ప కార్మిక నాయకులు కాదని అర్థం వచ్చేలా ఆయన రాసిన ఉత్తరం ఒకటి పేపర్లకెక్కింది. జనం మండిపడ్డారు. చివరికి అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ జోక్యం చేసుకోవాల్సి వచ్చింది. 1906లో మళ్లీ సమ్మె తప్పదనిపించేసరికి, ఆ యజమానులే ఐవీ లీ అనే మాజీ విలేకరిని తమ తరఫున మాట్లాడటానికి పెట్టుకున్నారు.

అంతకుముందు ఈ పని లేదని కాదు. సర్కస్ కంపెనీల వాళ్లు పట్టణానికి ముందే మనిషిని పంపి పేపర్లలో లేనిపోని గొప్పలు రాయించుకునేవారు. 1900లో బోస్టన్‌లో కొందరు పాత్రికేయులు పబ్లిసిటీ బ్యూరో అని ఒక సంస్థే పెట్టారు. అయితే లీ ఒక కొత్త పని చేశాడు. తాను ఏ నియమాల మీద పనిచేస్తాడో కాగితం మీద రాసి పేపర్ల ఎడిటర్లందరికీ పంపాడు. ఇది రహస్య బ్యూరో కాదు, మా పనంతా బాహాటంగానే ఉంటుంది. ఎవరి తరఫున మాట్లాడుతున్నామో చెప్తాం. ఏ వివరం కావాలన్నా సరిచూసుకోవడానికి సాయపడతాం. మేం పంపింది ప్రకటనల విభాగానికి వెళ్లాల్సిన సరుకనిపిస్తే అచ్చు వేయొద్దు. సారాంశం ఇదీ.

చివరి మాట దగ్గర ఒక్క క్షణం ఆగు. "మా యాడ్స్ మీకు వస్తున్నాయి కదా, ఈ వార్త కాస్త పెద్దగా వేయండి" అని విలేకరితో ఎప్పుడూ అనకు. నీ పైవాళ్లు అనమని చెప్పినా అనకు. ఆ మాట అన్నాక నువ్వు పంపే ప్రతి కాగితాన్నీ ఆ డెస్క్‌లో అనుమానంగానే చూస్తారు. యాడ్స్ సంగతి మార్కెటింగ్ వాళ్లు చూసుకుంటారు.

ఆ 1906లోనే అక్టోబరు 28న అట్లాంటిక్ సిటీ దగ్గర ఒక ఎలక్ట్రిక్ రైలు వంతెన మీద పట్టాలు తప్పి నీళ్లలో పడింది. యాభై మందికి పైగా చనిపోయారు. ప్రమాదం జరిగితే విషయం తొక్కిపెట్టడం అప్పట్లో రైలు కంపెనీలకు అలవాటు. లీ పెన్సిల్వేనియా రైల్‌రోడ్ తరఫున తనకు తెలిసిన వివరాలతో ప్రకటన రాసి పేపర్లకిచ్చాడు, విలేకరులు వెళ్లి చూసుకునే వీలు కూడా కల్పించాడు. ఆ ప్రకటనను న్యూయార్క్ టైమ్స్ అచ్చేసింది. ప్రపంచంలో మొదటి ప్రెస్ నోట్ అదేనని చాలామంది అంటారు.

నీది మందుల ఫ్యాక్టరీ. సాల్వెంట్లు, రియాక్టర్లు, బాయిలర్లు ఉన్నచోట ఏదో ఒక రాత్రి నీ ఫోన్ మోగుతుంది. భయపెట్టడానికి కాదు, ముందే సిద్ధంగా ఉంటావని చెప్తున్నాను. అలాంటప్పుడు ప్లాంట్ నుంచి నీకు వాట్సాప్‌లో వచ్చే డ్రాఫ్ట్ దాదాపు ఇలా ఉంటుంది: "యూనిట్‌లో స్వల్ప సాంకేతిక సమస్య తలెత్తగా సిబ్బంది అప్రమత్తమై పరిస్థితిని అదుపులోకి తెచ్చారు. ప్రజలు ఆందోళన చెందనవసరం లేదు." దీన్ని అలాగే పంపావనుకో, పది నిమిషాల్లో ఇరవై ఫోన్లు వస్తాయి. ఎందుకంటే అందులో ఒక్క సమాచారమూ లేదు. ఆందోళన చెందాలో లేదో జనమే తేల్చుకుంటారు, నువ్వు ఇవ్వాల్సింది అందుకు కావలసిన వివరాలు.

దాన్నే ఇలా రాయి, ఉదాహరణకి: "మంగళవారం రాత్రి 11.40కి రెండో బ్లాకులో సాల్వెంట్ లీకై మంటలు వచ్చాయి. ముగ్గురు కార్మికులకు కాలిన గాయాలయ్యాయి, ఆస్పత్రిలో చికిత్స జరుగుతోంది. 12.30కి మంటలు ఆర్పేశాం. కారణం ఇంకా తెలియలేదు. ఉదయం 8 గంటలకు మళ్లీ వివరాలు చెప్తాం." ఎనిమిదికి చెప్తానంటే ఎనిమిదికి చెప్పాలి, కొత్త సంగతి లేకపోయినా లేదని చెప్పాలి. గాయపడ్డవాళ్ల పేర్లు మాత్రం ఇంటివాళ్లకు కబురు అందాకే బయటికి ఇవ్వు. కొడుకు సంగతి తల్లికి టీవీ స్క్రోలింగ్‌లో తెలియకూడదు. 2020 మే 7న విశాఖలో స్టైరీన్ ఆవిరి లీకైన తెల్లవారుజామున చుట్టుపక్కల వాళ్లకు కావలసింది ఏమిటో గుర్తు తెచ్చుకో. అది ఏ గ్యాసు, ఎటువైపు పోవాలి, పిల్లలకు ఏం చేయాలి? నీ ఫ్యాక్టరీలో ఏమేం నిల్వ ఉంటాయో, పక్క ఊళ్లకు కబురు ఎలా చేరుతుందో చేరిన మొదటి వారంలోనే సేఫ్టీ ఆఫీసర్ దగ్గర కూర్చుని రాసుకో.

ఇక నువ్వు బాగా గుర్తుపెట్టుకోవాల్సిన సంగతికొస్తాను.

1914 ఏప్రిల్ 20న కొలరాడోలోని లడ్లో అనేచోట, సమ్మెలో ఉన్న గని కార్మికుల డేరాల మీద మిలీషియా (రాష్ట్ర ప్రభుత్వ సాయుధ దళం), కంపెనీ గార్డులు కాల్పులు జరిపారు. డేరాలకు నిప్పంటుకుంది. ఒక డేరా కింద తవ్వుకున్న గోతిలో తలదాచుకున్న ఇద్దరు తల్లులు, పదకొండు మంది పిల్లలు ఊపిరాడక చనిపోయారు. అక్కడి పెద్ద కంపెనీలో ఎక్కువ వాటా రాక్‌ఫెల్లర్లది. దేశమంతా వాళ్ల మీద కోపంతో ఉంటే, జాన్ డి. రాక్‌ఫెల్లర్ జూనియర్ ఐవీ లీని పిలిపించుకున్నాడు.

లీ గని యజమానుల కమిటీ పేరుతో బులెటిన్లు తయారుచేసి దేశంలోని ప్రముఖులకు, ఎడిటర్లకు పోస్టులో పంపించాడు. వాటి మీద తన పేరు లేదు. బాహాటంగా పనిచేస్తామని ఎనిమిదేళ్ల కిందట రాసిచ్చిన మనిషే ఇలా చేశాడు. పైగా లెక్కలు తప్పు. కార్మిక నాయకులకు ఏడాది మొత్తానికి అందిన డబ్బును తొమ్మిది వారాల జీతంగా వేశారు. నాయకులు సమ్మె పేరుతో వేలకు వేలు దోచుకుంటున్నారని చదివినవాళ్లు అనుకునేలా ఉంది అది. తర్వాత పారిశ్రామిక సంబంధాల కమిషన్ లీని పిలిచి అడిగింది: యజమానులిచ్చిన వివరాలు నిజమో కాదో తెలుసుకోవడానికి మీరు సొంతంగా ఏం ప్రయత్నం చేశారు? ఏమీ చేయలేదని ఒప్పుకున్నాడు. రచయిత అప్టన్ సింక్లెయిర్ ఆయనకు 'పాయిజన్ ఐవీ' అని పేరు పెట్టాడు. ఆ పేరు ఆయన పోయాక కూడా పోలేదు.

ఆయన తెలివి తక్కువవాడు కాదమ్మా. విలేకరిగా పనిచేసినవాడు, అంకెను ఎలా సరిచూడాలో మనందరికన్నా బాగా తెలిసినవాడు. క్లయింట్ ఇచ్చాడు, నేను పంపాను అనుకున్నాడు, అంతే. ఈ వృత్తిలో మనిషి పడిపోయేది అక్కడే. సొంతంగా అబద్ధం అల్లి పంపే పీఆర్వోలు తక్కువ. వేరేవాళ్లు ఇచ్చిన కాగితాన్ని చూడకుండా ముందుకు తోసేవాళ్లు చాలా ఎక్కువ. చెడ్డపేరు వచ్చేది మాత్రం పంపినవాడికే.

కాబట్టి నీ బల్ల మీదికి అంకె ఏది వచ్చినా అడుగు: దీన్ని ఎవరు లెక్కేశారు? ఎప్పటి నుంచి ఎప్పటి దాకా? అసలు రిజిస్టర్ ఎక్కడుంది? "ఊళ్లో అయిదు వేల మందికి వైద్యపరీక్షలు చేయించాం" అని సీఎస్ఆర్ (కంపెనీ సామాజిక సేవా కార్యక్రమాలు) చూసేవాళ్లు రాసిస్తే, క్యాంపులకెళ్లి పేర్లున్న పుస్తకం చూసిరా. ఒకే మనిషి మూడుసార్లు వస్తే ముగ్గురిగా లెక్కేశారేమో చూడు. "అమ్మాయి అనుమానప్పక్షి" అని మొదట్లో విసుక్కుంటారు. విసుక్కోనీ. ఆరు నెలలయ్యాక వాళ్లే సరైన లెక్క పట్టుకుని నీ దగ్గరికి వస్తారు.

తప్పని తెలిసిన నోట్ పంపమని పైవాళ్లు పట్టుబడితే గొడవకు దిగకు. టెన్షన్ పడకు. "సార్, ఈ అంకె నిలబడదు, నేను చూసిన లెక్క ఇదీ" అని మెయిల్‌లో రాసిపెట్టు. అప్పటికీ పంపాల్సిందేనంటే, నీ చేతుల మీదుగా పంపనని మర్యాదగా చెప్పు. దీనికోసం ఉద్యోగం పోయినా ఇంట్లో ఎవరూ నిన్ను ఒక్క మాట అనరు, మీ నాన్నకి నేను చెప్తాను.

లీకి కూడా న్యాయం చేయాలి. రాక్‌ఫెల్లర్ జూనియర్‌ను కార్మికుల మధ్యకు వెళ్లేలా చేయడంలో ఆయన సలహా కూడా ఉంది. 1915లో జూనియర్ కొలరాడో వెళ్లి గనుల్లోకి దిగాడు, కార్మికులతో కలిసి భోంచేశాడు. అది మంచి సలహాయే, నీ యాజమాన్యానికి కూడా ఇవ్వదగ్గదే. అయితే లీ చివరి రోజుల్లో హిట్లర్ ఏలుబడిలో ఉన్న జర్మనీలోని ఐ.జి. ఫార్బెన్ అనే రసాయనాల కంపెనీకి సలహాదారుగా పనిచేసినందుకు అమెరికా కాంగ్రెస్ కమిటీ ముందు జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. 1934లోనే చనిపోయాడు.

రెండో పెద్ద పేరు ఎడ్వర్డ్ బెర్నేస్. మనస్తత్వ శాస్త్రవేత్త ఫ్రాయిడ్‌కు స్వయానా మేనల్లుడు. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా ప్రభుత్వ ప్రచార కమిటీలో పనిచేసి, 1919లో న్యూయార్క్‌లో ఆఫీసు తెరిచాడు. 1923లో ఈ పని మీద పుస్తకం రాశాడు, న్యూయార్క్ యూనివర్సిటీలో పాఠాలూ చెప్పాడు. దీనికి చదువు హోదా వచ్చిందంటే చాలావరకు ఆయన చలవే. ఆయన భార్య డోరిస్ ఫ్లైష్‌మన్ ఆ సంస్థలో సమాన భాగస్వామి. బయట పేరంతా ఆయనకే దక్కింది, నువ్వు ఆమె గురించి కూడా చదవాలి.

బెర్నేస్ చేసినవాటిలో నాకు అసలు మింగుడుపడనిది 1929 ఈస్టర్ నాటిది. సిగరెట్ కంపెనీ కోసం యువతులను న్యూయార్క్ ఫిఫ్త్ అవెన్యూ మీద సిగరెట్లు తాగుతూ నడిపించి, అది స్త్రీ స్వేచ్ఛ కోసం జరిగిన ప్రదర్శన అనిపించాడు. పిలుపు తన సెక్రటరీ పేరుతో వెళ్లింది, వెనకున్న కంపెనీ పేరు ఎక్కడా లేదు. పేపర్లు పెద్దగా వేశాయి. చాలా ఏళ్ల తర్వాత ఆయనే పొగతాగడానికి వ్యతిరేకంగా పనిచేశాడు, కానీ జరగాల్సింది అప్పటికే జరిగిపోయింది. నీకు ఇదే పని వేరే రూపంలో వస్తుంది: డబ్బిచ్చి యూట్యూబ్ చానల్‌తో పొగిడించడం, ఊరి యువజన సంఘం పేరుతో కంపెనీకి మద్దతుగా ప్రకటన ఇప్పించడం. డబ్బు ఎవరిదో చెప్పడానికి ఇబ్బందిగా ఉన్న పని జోలికి పోకు.

నాకు ఎక్కువ నచ్చిన మనిషి ఆర్థర్ పేజ్. 1927లో అమెరికా టెలిఫోన్ కంపెనీ ఏటీ అండ్ టీలో వైస్ ప్రెసిడెంటుగా చేరాడు. ఒట్టి ప్రచారం చేసిపెట్టడానికైతే రానని, కంపెనీ విధానాల్లో తన మాటకు చోటుండాలని చేరకముందే చెప్పాడు. ఏ వ్యాపారమైనా జనం అనుమతితోనే మొదలై, జనం ఒప్పుదలతోనే నడుస్తుందని ఆయన నమ్మకం. నిన్ను ఈ రోజే బోర్డు మీటింగులో కూర్చోబెట్టరు. అయినా ఊరి చెరువులోకి నీళ్లు వదిలే సంగతో, కాంట్రాక్టు కార్మికులను తీసేసే సంగతో నిర్ణయం అయిపోకముందే నీ చెవిన పడేలా చూసుకో. అప్పుడైతే "దీనికి జనం ఏమంటారో" చెప్పగలవు. తర్వాత తెలిస్తే నీకు మిగిలేది ఖండన రాయడమే.

మన దేశంలో 1943లో టాటాలు ముంబైలో దీనికి విడిగా ఒక విభాగం పెట్టారు. 1958లో పబ్లిక్ రిలేషన్స్ సొసైటీ ఆఫ్ ఇండియా ఏర్పడింది. 1968 ఏప్రిల్ 21న ఢిల్లీలో జరిగిన తొలి అఖిల భారత సదస్సులో ఈ వృత్తికి నీతి నియమావళి ఆమోదించారు. అందుకే ఆ తేదీన ఏటా జాతీయ పీఆర్ దినం జరుపుకుంటారు. ఆ నియమావళి ఒకసారి మొత్తం చదువు, పెద్దదేం కాదు.

చేరగానే చేయాల్సిన పని ఇంకొకటుంది. పేపర్లకు వార్తలు పంపే మీ మండలం కంట్రిబ్యూటర్ల దగ్గరికి నువ్వే వెళ్లి పరిచయం చేసుకో. చాలామందికి వచ్చేది అంతంతమాత్రమే, బండి మీద ఎండలో తిరుగుతారు. కవర్లూ కానుకలూ వద్దు. ఫోన్ ఎత్తు, తెలిసింది చెప్పు, తెలియకపోతే కనుక్కుని గంటలో చెప్పు. నీ మొదటి ప్రెస్ నోట్ పంపేముందు నాకు వాట్సాప్ చెయ్యి, ఎంత రాత్రయినా చూసి పెడతాను.

మీ పెదనాన్న