ఉబుంటులో ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ తెరుచుకోవట్లేదా? ఫార్మాట్ జోలికి వెళ్లకండి

విండోస్‌లో బాగానే పనిచేసే మీ 1 టీబీ హార్డ్ డిస్క్, ఉబుంటు (లినక్స్‌లో ఒక రకం) ఉన్న ల్యాప్‌టాప్‌కి పెడితే పేరు కనిపిస్తోంది కానీ, నొక్కగానే "రాంగ్ ఎఫ్‌ఎస్ టైప్, బ్యాడ్ ఆప్షన్, బ్యాడ్ సూపర్‌బ్లాక్" అని వస్తోందన్నారు. ఫ్రెండ్ ఫార్మాట్ చేసేయమన్నారు, చేయనా అని అడిగారు.

వద్దండి. ఆ మెసేజ్ చూసి డిస్క్ పోయిందని టెన్షన్ పడకండి. డిస్క్ ఎందుకు మౌంట్ కాలేదో, అంటే ఎందుకు తెరుచుకోలేదో, తేలనప్పుడు సిస్టమ్ ఉన్న అనుమానాలన్నీ కలిపి ఒకే లైన్లో అనేస్తుంది, అంతే. అసలు సంగతి కెర్నల్ లాగ్‌లో, అంటే ఉబుంటు లోపలి ముఖ్యభాగం రాసుకునే చిట్టాలో, ఉంటుంది. టెర్మినల్ (కమాండ్లు టైప్ చేసే విండో) తెరిచి "సుడో డీమెసెజ్ -డబ్ల్యూ" నడపండి (డీమెసెజ్ స్పెల్లింగ్ డీ ఎం ఈ ఎస్ జీ). డిస్క్ తీసి మళ్లీ గుచ్చి, ఐకాన్ మీద నొక్కండి. అప్పుడు కింద కొత్తగా ఏ లైన్లు వచ్చాయో చూడండి.

మా చెల్లి పెళ్లి ఫొటోల డిస్క్‌కి అచ్చం ఇదే జరిగింది. స్టూడియో వాళ్లు విండోస్ సిస్టమ్‌లో కాపీ చేసి ఇచ్చారు, మా ఇంట్లో ఉన్నదేమో ఉబుంటు. లాగ్‌లో "ఎస్‌డీబీ1: వాల్యూమ్ ఈజ్ డర్టీ అండ్ ఫోర్స్ ఫ్లాగ్ ఈజ్ నాట్ సెట్" అని ఉంది (ఎస్‌డీబీ1 అంటే ఆ డిస్క్‌లోని భాగానికి, అంటే పార్టిషన్‌కి, ఉబుంటు పెట్టిన పేరు). మీకూ ఇదే వస్తుందని నా అనుమానం.

ఎన్‌టీఎఫ్‌ఎస్ అంటే విండోస్ డిస్క్‌లో ఫైళ్లు సర్దే పద్ధతి (ఫైల్ సిస్టమ్). అలాంటి డిస్క్ వాడకంలో ఉన్నప్పుడు విండోస్ దానిమీద "డర్టీ" అని గుర్తు పెట్టుకుంటుంది, పద్ధతిగా ఎజెక్ట్ చేస్తే తీసేస్తుంది. కేబుల్ లాగేస్తే ఆ గుర్తు అలాగే ఉండిపోవచ్చు. విండోస్ 8 నుంచి వచ్చిన ఫాస్ట్ స్టార్టప్‌తో ఇంకో చిక్కు. షట్‌డౌన్ కొట్టినా సిస్టమ్ పూర్తిగా ఆగదు, సగం హైబర్నేట్ అవుతుంది. అప్పుడు తగిలించి ఉన్న డిస్క్ కూడా అలాగే మిగిలిపోవచ్చు. ఇలాంటి డిస్క్‌ని ఉబుంటులో తెరిచే పాత ఎన్‌టీఎఫ్‌ఎస్-3జీ డ్రైవర్ చాలాసార్లు చూసీచూడనట్టు తెరిచేసేది. 2021లో 5.15 కెర్నల్‌తో వచ్చిన ఎన్‌టీఎఫ్‌ఎస్3 డ్రైవర్ మాత్రం గుర్తు ఉంటే రాసే వీలుతో తెరవడానికి ఒప్పుకోదు. "మొన్నటిదాకా తెరుచుకుంది, అప్‌డేట్ చేశాకే ఇలా" అని చాలామంది అనేది ఇందుకే.

రాసే వీలుతో తెరవకపోయినా, చదవడానికి మాత్రమే అని అడిగితే తెరుస్తుంది. కాబట్టి ముందు "ఎల్‌ఎస్‌బీఎల్‌కే"తో డిస్క్ పేరు చూసుకోండి. సైజు చూసి గుర్తుపట్టండి, మీ ల్యాప్‌టాప్ సొంత డిస్క్‌ని ముట్టుకోవద్దు. తర్వాత "సుడో మౌంట్" కమాండ్‌కి "-ఓ ఆర్‌ఓ" ఆప్షన్ ఇచ్చి, అంటే చదవడానికి మాత్రమే (రీడ్-ఓన్లీగా), మౌంట్ చేసి ముఖ్యమైనవి కాపీ చేసుకోండి. నేను ఫొటోలన్నీ ఇలా తీసుకున్నాకే రిపేర్ మొదలుపెట్టాను.

రిపేర్‌కి మంచి దారి విండోసే. పక్కింటివాళ్ల ల్యాప్‌టాప్ అయినా పర్వాలేదు. అక్కడ డిస్క్ ఏ డ్రైవ్‌గా కనిపిస్తే ఆ ఇంగ్లిష్ అక్షరంతో, ఉదాహరణకి "చెక్‌డిస్క్ ఈ: /ఎఫ్" నడిపి (చెక్‌డిస్క్ స్పెల్లింగ్ సీ హెచ్ కే డీ ఎస్ కే), సేఫ్‌గా ఎజెక్ట్ చేసి తెచ్చుకోండి. రెండు సిస్టమ్‌లలోనూ వాడే డిస్క్ అయితే, మీ విండోస్ పవర్ ఆప్షన్స్‌లో ఫాస్ట్ స్టార్టప్ తీసేయండి. విండోస్ అసలు దొరకకపోతే "సుడో ఎన్‌టీఎఫ్‌ఎస్‌ఫిక్స్ -డీ" అని, మీ పార్టిషన్ పేరు ఇవ్వండి. ఇది గుర్తు తీసేసి చిన్నాచితకా సర్దుతుందే తప్ప చెక్‌డిస్క్‌తో సమానం కాదు.

లాగ్‌లో "యూఎస్‌బీ డిస్‌కనెక్ట్", "ఐఓ ఎర్రర్" లాంటివి కనిపిస్తే మాత్రం పైన చెప్పిన రిపేర్లేవీ చేయకండి. అది ఫైల్ సిస్టమ్ గొడవ కాకపోవచ్చు. ముందు కేబుల్ మార్చండి, హబ్ తీసేసి నేరుగా ల్యాప్‌టాప్‌కే గుచ్చండి. యూఎస్‌బీ 2 పోర్ట్ ఇచ్చే కరెంట్ 500 మిల్లీయాంప్‌లే, 3.0 అయితే 900. లోపల పళ్లెం తిరిగే హార్డ్ డిస్క్ మధ్యలో ఊడిపోవడానికి ఆ తేడా చాలు. అయినా ఊడిపోతుంటే "స్మార్ట్‌సీటీఎల్ -ఏ"తో డిస్క్ ఆరోగ్యం చూడండి. పెండింగ్ సెక్టర్లు (డిస్క్ సరిగ్గా చదవలేకపోతున్న చోట్లు) సున్నా కాకుండా ఉంటే ఉన్న డేటా ఎంత తొందరగా బయటికి లాగితే అంత మంచిది.

ఇంకొకటి, ఉబుంటులో కాపీ బార్ నిండినంత మాత్రాన డిస్క్‌లోకి రాయడం అయిపోయినట్టు కాదు. కొంత ఇంకా ర్యామ్‌లోనే ఉంటుంది. ఎజెక్ట్ నొక్కాక "తీసేయొచ్చు" అని వచ్చేదాకా ఆగండి, నిమిషాలు పట్టినా సరే.

అప్పటికీ తెరుచుకోకపోతే ఆ లాగ్‌లో చివరి ఇరవై లైన్లు ఇక్కడ పెట్టండి, సీరియల్ నంబర్ ఉన్న లైన్ మాత్రం తీసేసి.