కంటికి కనపడని సరుకును పట్టుకోవాలంటే

చి. అమ్మలూకి,

మామయ్య ఆశీస్సులు. నిన్ను కస్టమ్స్‌లో ఓజోన్ సరుకుల, అంటే ఓజోన్ పొరని తినే గ్యాసుల, తనిఖీకి వేశారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. బంగారమో డ్రగ్సో పట్టుకునే సెక్షన్ ఇస్తారనుకుంటే గ్యాస్ సిలిండర్ల దగ్గర కూర్చోబెట్టారని మొహం ముడుచుకున్నావట. నా వంతు వచ్చినప్పుడు నేనూ అంతే ముడుచుకున్నాను. తర్వాత పదకొండేళ్లు అదే సెక్షన్‌లో ఉన్నాను, బదిలీ చేస్తామన్నా వెళ్లలేదు. కాబట్టి నా మాట కొంచెం విను.

ముందుగా నీ మొహం సరిచెయ్యడానికి ఒక సంగతి. 1990ల మధ్యలో అమెరికాలోని మయామీ రేవులో కొకైన్ తర్వాత అంత లాభం ఉన్న దొంగసరుకు ఏసీ గ్యాసేనని చెప్పుకునేవారు. కారణం చాలా మామూలుది. ఓజోన్ పొరని కాపాడటానికి దేశాలన్నీ చేసుకున్న మాంట్రియల్ ఒప్పందం ప్రకారం ధనిక దేశాలు సీఎఫ్‌సీల, అంటే అప్పటి ఏసీల్లో నింపే గ్యాసుల, తయారీని 1996 జనవరి 1 నాటికి ఆపెయ్యాలి. వర్ధమాన దేశాలకు 2010 దాకా గడువు. అంటే ఒక పక్క అదే గ్యాస్ దర్జాగా తయారవుతోంది, ఇంకో పక్క దానికోసం లక్షల పాత కార్ల ఏసీలు నోరు తెరుచుకుని ఉన్నాయి. మధ్యలో సముద్రం. దొంగకి ఇంకేం కావాలి?

అందుకే ఈ పనిలో మొదట నేర్చుకోవాల్సింది కెమిస్ట్రీ కాదు, క్యాలెండర్. ఏ గ్యాస్‌కి ఎక్కడ ఎప్పుడు గడువు ముగుస్తుందో తెలిస్తే సరుకు ఎటునుంచి ఎటు జారుతుందో ముందే ఊహించొచ్చు. సీఎఫ్‌సీల బదులు వచ్చి, ఓజోన్‌ని వాటికన్నా తక్కువగా తినే హెచ్‌సీఎఫ్‌సీలకి ధనిక దేశాల్లో 2020తో, మిగతా చోట్ల 2030తో గడువు. పాత యంత్రాల రిపేర్లకి కొద్ది శాతం మినహాయింపు ఆ తర్వాత కూడా ఉంటుంది. హెచ్‌ఎఫ్‌సీలు ఓజోన్‌ని తినవు గానీ భూమిని వేడెక్కిస్తాయి, అందుకని 2016 కిగాలీ సవరణతో వాటినీ ఇదే ఒప్పందంలోకి తెచ్చారు. వాటి కోతలు ఒక్కో గుంపు దేశాలకి ఒక్కో తేదీన మొదలవుతాయి. గడువుకి ముందు ఏడాది, తర్వాత రెండేళ్లు నిద్ర తగ్గించుకో.

నీ చేతిలో ఉన్న లైసెన్సు పద్ధతి కూడా దొంగల పుణ్యమే. 1987లో ఒప్పందం రాసినప్పుడు ఎగుమతి దిగుమతులకి లైసెన్సు తప్పనిసరి అన్న మాటే లేదు. అక్రమ రవాణా చూసి బెంబేలెత్తాక 1997లో ఆ సవరణ తెచ్చారు. ప్రపంచంలో ప్రతి దేశమూ సంతకం చేసిన ఒప్పందం ఇది. నీ ఎదుటి దేశంలో నీలాంటి ఆఫీసర్ ఒకరు కచ్చితంగా ఉంటారన్నమాట. ఆ సంగతికి మళ్లీ వస్తాను.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెబుతాను. మీ అమ్మకి కూడా తెలీదు.

మొదటి ఏడాది ఒక కంటైనర్ వచ్చింది. కాగితాల మీద ఆర్-134ఏ, అంటే ఓజోన్‌కి హాని లేని గ్యాస్. నేను తెలివైనవాణ్ణి అనుకుని ప్రెషర్ గేజ్ తెప్పించాను. సిలిండర్‌కి బిగించి చూస్తే సూది సరిగ్గా 134ఏకి ఎక్కడ ఉండాలో అక్కడే నిలబడింది. సంతకం పెట్టి వదిలేశాను. నెల తిరక్కుండా అదే బ్యాచ్ సిలిండర్ ఒకటి మార్కెట్లో దొరికింది. లోపల ఆర్-12, నిఖార్సైన సీఎఫ్‌సీ. పై అధికారి నన్నేమీ అనలేదు. ఒక చార్ట్ తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. 25 డిగ్రీల దగ్గర ఆర్-12 ఒత్తిడి సుమారు 6.5 బార్, ఆర్-134ఏది సుమారు 6.7. సూది మందమంత తేడా కూడా లేదు! అసలు ఆర్-12 బదులుగా వాడొచ్చని ఆర్-134ఏని ఎంచుకున్నదే ఆ పోలిక చూసి. ఆర్-22 అనే హెచ్‌సీఎఫ్‌సీది అయితే ఆ చార్ట్‌లో పదికి పైన ఉంటుంది, అది గేజ్‌కి దొరుకుతుంది. ఈ రెండూ దొరకవు.

కాబట్టి గేజ్‌ని నమ్మకు. రంగునీ నమ్మకు. ఒకప్పుడు ఆర్-12కి తెలుపు, ఆర్-22కి లేత ఆకుపచ్చ, 134ఏకి లేత నీలం అని ఉండేది. రంగు డబ్బా ఎవరైనా కొనుక్కోవచ్చు, పైగా ఇప్పుడు అన్నిటికీ ఒకటే రంగు వెయ్యమంటున్నారు. గ్యాస్ ఐడెంటిఫయర్ మెషీన్ అడిగి తెప్పించుకో. ఇవ్వకపోతే మళ్లీ అడుగు, రాతపూర్వకంగా. అది చూపించేది కూడా దేవుడి మాటేం కాదు. మిశ్రమ గ్యాసుల దగ్గర తడబడుతుంది. అనుమానం వస్తే శాంపిల్ ల్యాబ్‌కి పంపించి, లోపల ఏమేం ఉన్నాయో విడదీసి చూపే గ్యాస్ క్రొమాటోగ్రఫీ పరీక్ష చేయించు, కోర్టులో నిలబడేది ఆ రిపోర్టే.

మిశ్రమాలంటే గుర్తొచ్చింది. ఆర్-409ఏ అన్న పేరు చూస్తే ఏదో కొత్త గ్యాస్ అనిపిస్తుంది. అందులో 60 శాతం ఆర్-22, మిగతాది కూడా హెచ్‌సీఎఫ్‌సీలే. ఆర్-502లో సగానికి పైగా సీఎఫ్‌సీ-115. ఆర్-410ఏ, ఆర్-404ఏ చూడ్డానికి వాటి అన్నదమ్ముల్లా ఉంటాయి గానీ వాటిలో ఓజోన్‌ని తినేది ఒక్క చుక్క ఉండదు. ఫోమ్ తయారీకి వచ్చే పాలియాల్ డ్రమ్ముల్లో హెచ్‌సీఎఫ్‌సీ-141బీ కలిపి ఉండొచ్చు, ఇన్వాయిస్ మీద మాత్రం ఉత్త పాలియాల్ అనే ఉంటుంది. ఈ జాబితా బట్టీపట్టక్కర్లేదు, ఒక కాగితం మీద రాసి బల్ల అద్దం కింద పెట్టుకో.

అదే కాగితం మీద నంబర్లు కూడా రాసుకో. నా అనుభవంలో దొంగల్ని ఎక్కువసార్లు పట్టించింది ముక్కూ కాదు, మెషీనూ కాదు, నంబర్లే. ఒకే గ్యాస్‌కి ఎన్ని పేర్లో చూడు: ఆర్-22, హెచ్‌సీఎఫ్‌సీ-22, క్లోరోడైఫ్లోరోమీథేన్. ఇవి కాక ఒక్కో రసాయనానికి ఒక్కోటిగా ఇచ్చే సీఏఎస్ నంబర్ 75-45-6, ప్రమాదకర సరుకుల రవాణాకి వాడే యూఎన్ నంబర్ 1018, టారిఫ్ కోడ్ 2903.71. ఒక్కో నంబర్ ఒక్కో కాగితంలో ఉంటుంది. దొంగ ఇన్వాయిస్ శ్రద్ధగా మారుస్తాడు, ప్యాకింగ్ లిస్టు మారుస్తాడు. ఓడ కంపెనీకి ఇచ్చిన ప్రమాద సరుకుల డిక్లరేషన్‌ని మరిచిపోతాడు. ఇన్వాయిస్‌లో 134ఏ, డిక్లరేషన్‌లో 1028 ఉందనుకో, ఇక కంటైనర్ కదలనివ్వకు. 134ఏది 3159, 1028 ఆర్-12ది.

కంటైనర్ తెరిచాక తొందరపడకు. తలుపులు బార్లా తీసి కాసేపు దూరంగా నిలబడు. ఈ గ్యాసులు గాలికన్నా బరువు, లీకై ఉంటే కింద పేరుకుని ఊపిరి అందకుండా చేస్తాయి. వాసన కూడా పెద్దగా తెలీదు. కళ్లద్దాలూ తోలు గ్లవ్సూ లేకుండా వాల్వ్ ముట్టుకోకు. ద్రవం చర్మం మీద పడితే కాలినట్టే బొబ్బలెక్కుతుంది. నా ఎడమ బొటనవేలి మీద మచ్చ చిన్నప్పుడు వేడినూనె పడిందని చెప్పేవాణ్ణి కదా, అబద్ధం. దగ్గర్లో బీడీ, సిగరెట్, వెల్డింగ్ ఏదీ ఉండకూడదు. కొన్ని దొంగ సిలిండర్లలో మండే గ్యాసులు కలుపుతారు, కలపకపోయినా ఆర్-22 లాంటివి మంట తగిలితే ఫాస్జీన్ అనే విషవాయువుని ఇస్తాయి. 2011లో 134ఏ అని చెప్పి మిథైల్ క్లోరైడ్ కలిపిన నకిలీ గ్యాస్ నింపడం వల్ల రిఫ్రిజిరేటెడ్ కంటైనర్ల యూనిట్లు పేలి మనుషులు పోయారు. అది కంప్రెసర్‌లోని అల్యూమినియంతో కలిసి, గాలి తగిలితే చాలు భగ్గుమనే పదార్థంగా మారుతుంది. చాలా ఐడెంటిఫయర్లు దాన్ని పేరుపెట్టి గుర్తుపట్టలేవు. 134ఏలో క్లోరిన్ ఉండదు, కాబట్టి క్లోరిన్ ఉందని తేలిన 134ఏ ఏదైనా నకిలీయో కల్తీయో అని రాసుకో.

అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టుకు చూస్తే చాలంటారు. ఇక్కడ ఆ సామెత మరిచిపో. తలుపు దగ్గర మూడు వరసలు అసలు సరుకు, వెనక అంతా దొంగసరుకు పెట్టడం అందరికీ తెలిసిన ఎత్తే. అయినా ఇప్పటికీ పనిచేస్తోంది. ఎందుకంటే సాయంత్రం ఆరింటికి వెనక వరస దాకా దించడానికి ఎవరికీ ఓపిక ఉండదు. దించించు. వాడి పారేసే సిలిండర్లో మామూలుగా 13.6 కిలోల గ్యాస్ ఉంటుంది. ముందు వరసవి రెండు, మధ్యవి రెండు, వెనకవి రెండు కాటా వెయ్యి. లేబుల్ అంచుని గోరుతో గీకి చూడు. కింద ఇంకో లేబుల్ తగులుతుంది, చాలాసార్లు. పూర్తిగా పీకే ముందు ఫొటో తీయించు, సాక్షుల్ని పక్కన పెట్టుకో. టెస్ట్ పేరుతో గ్యాస్‌ని గాల్లోకి వదలనివ్వకు. ఆపడానికి వెళ్లిన మనమే వదిలినట్టవుతుంది.

కాగితాల్లో "రీసైకిల్డ్" అన్న మాట కనపడితే కుర్చీలో కాస్త ముందుకి జరుగు. వాడిన గ్యాస్‌ని దేశాల వినియోగం లెక్కలో కలపరు. అందుకని కొత్త సీఎఫ్‌సీని పాతదని చెప్పి పంపడం ఆ రోజుల్లో పెద్ద వ్యాపారం. నిజంగా పాత గ్యాస్ అయితే అందులో నూనె, తేమ, గాలి ఎంతో కొంత ఉంటాయి. మరీ శుభ్రంగా ఉంటే అనుమానించు. అయితే బాగా శుద్ధి చేసిన గ్యాస్ కొత్తదానిలాగే ఉంటుంది, కాబట్టి శుభ్రంగా ఉన్నంత మాత్రాన కేసు పెట్టెయ్యకు. ఎక్కడ శుద్ధి చేశారు, ఏ యంత్రాల నుంచి తీశారు అని అడుగు. ఒక చిన్న వర్క్‌షాప్ పేరు చెప్పి వెయ్యి సిలిండర్లు, అంటే 13.6 టన్నులు, పంపామంటే అంత గ్యాస్ తియ్యడానికి ఎన్ని వేల ఏసీలు విప్పాలో నువ్వే లెక్క వెయ్యి.

ట్రాన్సిట్ సరుకుతో ఇంకా జాగ్రత్త. ఇక్కడ దిగదు, పక్క దేశానికి పోతోంది అంటారు. కాగితం పక్క దేశానికి పోతుంది, సిలిండర్లు పోవు. ఇక్కడే నేను ఇందాక చెప్పిన ఎదుటి ఆఫీసర్ అక్కరకొస్తారు. ప్రతి దేశంలో ఒక ఓజోన్ యూనిట్ ఉంటుంది. లైసెన్సు ఇచ్చేముందే రెండు దేశాల యూనిట్లూ ఒకరినొకరు అడిగి నిర్ధారించుకునే ఏర్పాటు ఉంది, ఐపిక్ అంటారు. చట్టపరంగా ఎవరినీ కట్టిపడెయ్యదు గానీ అది ఆపినంత సరుకు మా గేట్ల దగ్గర ఆగి ఉండదని నా నమ్మకం. 2006లో ఆసియా-పసిఫిక్ కస్టమ్స్ వాళ్లు "స్కై హోల్ ప్యాచింగ్" అని కలిసి చేసిన పని కూడా ఇలాంటిదే, అనుమానం ఉన్న సరుకు కదలగానే ఇవతలి వాళ్లు అవతలి వాళ్లకి చెప్పడం. నీ ఓజోన్ యూనిట్ వాళ్ల దగ్గరకి మొదటి వారంలోనే వెళ్లి పరిచయం చేసుకో. కేసు వచ్చాక వెళితే పనికోసం వచ్చావనుకుంటారు.

ఏసీ మెకానిక్‌ల దగ్గర కూడా కూర్చో. ఏ గ్యాస్ ధర ఉన్నట్టుండి పడిపోయిందో వాళ్లకి నీకన్నా ముందు తెలుస్తుంది. గడువు దగ్గర పడుతున్న సరుకు ధర పెరగాలి. పడిందంటే ఎక్కడో తలుపు తెరిచి ఉందన్నమాట.

ఇదంతా చదివి అందరినీ దొంగల్లా చూడకు తల్లీ. న్యాయంగా వచ్చే సరుకు చాలా ఉంటుంది. ఇతర రసాయనాల తయారీకి ముడిసరుకుగా పోయే కార్బన్ టెట్రాక్లోరైడ్, టెఫ్లాన్ లాంటి ప్లాస్టిక్ తయారీకి పోయే హెచ్‌సీఎఫ్‌సీ-22, ధాన్యానికీ కలపకీ పురుగు మందుగా ఓడ ఎక్కేముందు వేసే మిథైల్ బ్రోమైడ్, వీటికి ఒప్పందంలోనే మినహాయింపు ఉంది. వాళ్ల దగ్గర అడగాల్సింది ఒక్కటే, చివరికి వాడేది ఎవరు అని. ఆ ఫ్యాక్టరీకి అంత వాడే సామర్థ్యం ఉంటే పొద్దున్నే క్లియర్ చేసి పంపించెయ్యి. నిజాయితీగా లైసెన్సు తీసుకున్నవాణ్ణి వారం రోజులు నిలబెడితే రెండోసారి అతనే అడ్డదారి వెతుక్కుంటాడు. అలా తయారైన వాళ్లని చూశాను, అందులో కొంత పాపం నాది.

పట్టుకున్న తర్వాత ఏం చెయ్యాలో మాకెవరూ నేర్పలేదు. మొదట్లో స్వాధీనం చేసుకున్న సరుకుని మామూలుగా వేలం వేసేవాళ్లం, అంటే ముందు గేటు దగ్గర ఆపి వెనక గేటు నుంచి మార్కెట్‌కి పంపినట్టు. నువ్వు అలా చెయ్యనివ్వకు. ఎగుమతిదారు ఖర్చు మీద తిప్పి పంపడం, లేదా ఒప్పందం ఆమోదించిన పద్ధతుల్లో ధ్వంసం చేయించడం, రెండిట్లో ఒకటి. సిమెంట్ బట్టీ, రోటరీ కిల్న్, ప్లాస్మా ఆర్క్ లాంటివి ఆ జాబితాలో ఉన్నాయి. ఖర్చెవరు భరిస్తారన్న తగువు తేలేదాకా సిలిండర్లు గోడౌన్లోనే ఉంటాయి. నీడలో, గాలి ఆడేచోట నిలబెట్టించు. స్వాధీనం రోజున ప్రతి సిలిండర్ కాటా వేసి నంబరుతో రాయించు, తర్వాత నెలకోసారి మళ్లీ వేయించు. నా కేసు ఒకటి కోర్టుకెళ్లేసరికి వాల్వులు కారి నాలుగో వంతు బరువు తగ్గింది. మిగతా గ్యాస్ ఏమైందని డిఫెన్స్ లాయర్ నవ్వుతూ అడిగితే నా దగ్గర జవాబు లేదు.

ఒక్కోసారి మనం ఎంత చూసినా కాగితాల్లో ఏమీ కనపడదు. సీఎఫ్‌సీ-11 ఉత్పత్తి ప్రపంచమంతా 2010 నాటికే ఆగిపోయిందని దేశాలు లెక్కలిచ్చాయి. 2018లో శాస్త్రవేత్తలు గాలిని కొలిచి, అది తగ్గాల్సినంత వేగంగా తగ్గడం లేదని, ఎవరో కొత్తగా చేస్తున్నారని చెప్పారు. మరుసటి ఏడాది కొరియా, జపాన్ స్టేషన్ల కొలతలు పట్టుకుని తూర్పు చైనాలోని షాన్‌డాంగ్, హెబేల వైపు వేలు చూపించారు. ఆ తర్వాత ఉద్గారాలు మళ్లీ పడిపోయాయి. అన్ని దేశాల రిపోర్టులూ సరిగ్గా ఉన్నాయి, గాలి మాత్రం ఒప్పుకోలేదు. నీ రిజిస్టర్ లెక్క బ్రహ్మాండంగా కుదిరిన నెలలో ఈ సంగతి గుర్తు తెచ్చుకుని ఇంకో కంటైనర్ తెరిపించు.

మొదటి పెద్ద సరుకు వచ్చిన రోజు టెన్షన్ పడితే ఎంత రాత్రయినా ఫోన్ చెయ్యి. ఈ కవర్‌తో పాటు నా పాత తోలు గ్లవ్సు పంపుతున్నాను. ఆఫీసులో ఇచ్చేవి పల్చగా ఉంటాయి. ఎడమదాన్లో బొటనవేలి దగ్గర కుట్టు ఊడింది, వేసుకునే ముందు కుట్టించుకో.

మీ మామయ్య