విశాఖలో పిల్లలు గంజాయి జోలికి పోకుండా కాలనీవాళ్లు ఏం చేయగలరు?

పోలీసులకు చెప్పడం ఒక్కటే దారా అని అడిగారు. కాదండీ. పాడేరు, చింతపల్లి ఏజెన్సీ నుంచి దిగే సరుకును ఆపడం వాళ్ల పని. బడి వదిలాక పిల్లాడు ఎక్కడున్నాడో చూసుకోవాల్సింది మనం.

ఐస్‌లాండ్‌లో అదే చేశారు. ఆటలకు, సంగీతానికి డబ్బు ఇచ్చారు, రాత్రిళ్లు తల్లిదండ్రులే వీధుల్లో గస్తీ తిరిగారు. సర్వేకు ముందు నెలలో తాగి మత్తులో పడ్డ 15-16 ఏళ్లవాళ్లు 1998లో 42 శాతం, 2016లో 5 శాతం. గంజాయి రుచి చూసినవాళ్లు 17 నుంచి 7 శాతానికి తగ్గారు.

మన ఖాళీ స్థలంలో ఒక లైటు, వాలీబాల్ నెట్, రోజూ వచ్చి కూర్చునే ఇద్దరు పెద్దవాళ్లు ఉంటే మొదలుపెట్టొచ్చు. ఇప్పటికే అలవాటైన పిల్లాణ్ణి మాత్రం దయచేసి దొంగలా చూడకండి. మత్తు అలవాటు మాన్పించే హెల్ప్‌లైన్ 14446కి ఫోన్ చేయండి, ఉచితం. కేసు అవుతుందని టెన్షన్ పడి చాలామంది దాచేస్తారు. కొద్ది మోతాదుతో దొరికి, తానుగా చికిత్సకు ఒప్పుకున్న వ్యసన బాధితుడికి మత్తుమందుల చట్టం (ఎన్‌డీపీఎస్) 64ఎ సెక్షన్ రక్షణ ఇస్తుంది.