అణువు ఎక్కడుందో ముందు చెప్పు

అనంతపురం

అమ్మాయ్,

నీ వ్యాసం చేరింది. వాక్యం నడపడం నీకు వచ్చు, దాని గురించి నేను చెప్పేదేం లేదు. నువ్వు రాసిన విషయం, అంటే నానో వెండి రేణువుల మీద అణువుల రామన్ సిగ్నల్ బలపడటం, దాని గురించే ఈ ఉత్తరం. కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు.

ముందు ఆ మూడో పేరా కొట్టేయ్. మా అనంతపురం బోరునీళ్లలో ఫ్లోరైడ్‌ను నానో వెండితో, రామన్ వర్ణపటంతో చిటికెలో పట్టేయొచ్చని రాశావు. కడపలో కూర్చుని మా ఊరి బాధను పట్టించుకున్నందుకు సంతోషం. కానీ రామన్ వర్ణపటమంటే, అణువు మీద పడి చెదిరిన కాంతిలో దాని కంపనాలు వదిలిన గుర్తులే, ఒక్కో కంపనానికి ఒక్కో శిఖరం. ఫ్లోరైడేమో ఒకే పరమాణువున్న ఒంటరి అయాన్. కంపించాలంటే కనీసం రెండు పరమాణువులుండాలి, వాటి మధ్య బంధముండాలి. బంధమే లేనిదానికి కంపనం ఎక్కడిది, వర్ణపటంలో శిఖరం ఎక్కడిది? ఫ్లోరైడ్ తగిలితే మారిపోయే ఇంకో అణువును మధ్యలో పెట్టి, దాని శిఖరాల్లో తేడా చూసే పద్ధతులున్నాయి. అలాంటప్పుడు ఆ మధ్యవర్తి ఎవరో చెప్పి తీరాలి.

నీ వ్యాసమంతటా ఉన్న లోటు కూడా ఇదే. లోహం గురించి పేజీలకు పేజీలు రాశావు, అణువు జాడ లేదు. వెండి రేణువును మైకుతో పోల్చావు. పోలిక బాగానే ఉంది గానీ సగంలో వదిలేశావు. మైకుకు బారెడు దూరంలో నిలబడి మాట్లాడితే ఎవరికి వినపడుతుంది? ఇక్కడ ఆ దూరం నానోమీటర్లలో ఉంటుంది. కాంతి పడగానే వెండి, బంగారం రేణువుల్లోని ఎలక్ట్రాన్లు కలిసికట్టుగా ఊగుతాయి, రేణువును అంటిపెట్టుకుని విద్యుత్ క్షేత్రం బలపడుతుంది. రామన్ సిగ్నల్ ఆ బలానికి దాదాపు నాలుగో ఘాతంలో పెరుగుతుంది. అంటే క్షేత్రం పది రెట్లయితే సిగ్నల్ పదివేల రెట్లు. దిగడమూ అంతే జోరు. కొన్ని నానోమీటర్లు అవతల ఉన్న అణువుకు దక్కేది దాదాపు ఏమీ ఉండదు. గంధకం ఉన్న థైరమ్ లాంటి శిలీంద్రనాశిని వెండిని ఇట్టే పట్టుకుంటుంది, అందుకే ప్రయోగశాలల్లో పండ్ల తొక్క మీద దాన్ని చూపించడం సులువు. పురుగుమందులన్నీ అంత బుద్ధిగా వచ్చి అతుక్కోవు.

చరిత్ర భాగం తిరగరాయి. కలకత్తా, రామన్, 1928 ఫిబ్రవరి 28 బడిపిల్లలకు కూడా తెలిసిన కథే, ఒక వాక్యంలో తేల్చెయ్ (ఆయనతో కలిసి పనిచేసిన కృష్ణన్ పేరు మాత్రం వదలొద్దు). నువ్వు ఆగాల్సింది 1974 దగ్గర. సౌతాంప్టన్‌లో ఫ్లీష్‌మన్, హెండ్రా, మెక్‌క్విలన్ గరుకు చేసిన వెండి ఎలక్ట్రోడ్ మీద పిరిడిన్ అనే రసాయనానికి బలమైన రామన్ వర్ణపటం చూశారు. గరుకు వల్ల వైశాల్యం పెరిగి ఎక్కువ అణువులు పట్టాయి కాబోలనుకున్నారు. 1977లో అమెరికాలో జాన్‌మెయిర్, వాన్ డైన్, ఇంగ్లండ్‌లో ఆల్బ్రెక్ట్, క్రైటన్ ఎవరికి వాళ్లు లెక్కలేసి, వైశాల్యం ఎంత పెరిగినా అంత సిగ్నల్ రాదని, ఒక్కో అణువు సిగ్నలే లక్ష రెట్ల స్థాయిలో పెరుగుతోందని తేల్చారు. మొదటివాళ్లు చూసింది నిజమే, చెప్పిన కారణమే చాలలేదు. ఆ మూడేళ్ల నడుమ జరిగింది విడమరిచి రాస్తే వ్యాసం దానంతటదే నడుస్తుంది. ఈ ఫ్లీష్‌మనే 1989లో మామూలు వేడిలోనే పరమాణు కేంద్రకాలు కలుస్తాయంటూ కోల్డ్ ఫ్యూజన్ ప్రకటించి రచ్చకెక్కాడు. ఆ సంగతి ఇక్కడ ఇరికించకు, ఇంకో వ్యాసానికి దాచుకో.

‘కోటి కోట్ల రెట్లు’ అని మూడు చోట్ల మురిసిపోయావు. 1997లో ఒకే ఒక్క అణువును చూశామన్న పరిశోధనల్లో అలాంటి అంకెలే వినపడ్డాయి. ఒక్క అణువును చూడ్డానికి అంత అక్కర్లేదని తర్వాతి లెక్కల్లో తేలింది. ఏ అంకె కనపడినా, అది సగటుదా, మేలైన చోటిదా అని నిలదీసి అడుగు. 2008లో ఇలినాయ్ బృందం ఒకటి వెండి పూసిన నానోగోళాల మీద ఏ చోట సిగ్నల్ ఎంత పెరుగుతుందన్న ఈ పంపకాన్నే కొలిచింది. అన్నిటికంటే బలమైన చోట్లు 10 లక్షలకు 63 మాత్రమే, కానీ మొత్తం సిగ్నల్‌లో 24 శాతం వాటిదే. ఇది రాశావంటే, ఒక చుక్కలో వచ్చిన సిగ్నల్ పక్క చుక్కలో ఎందుకు రాదో విడిగా చెప్పే పని ఉండదు.

వీలైతే ఈ వెండి రేణువుల ద్రావణం కాచేటప్పుడు పక్కన నిలబడి చూడు. లీ, మైసెల్ 1982లో చెప్పిన పద్ధతే ఇప్పటికీ వాడుకలో ఉంది. అర లీటరు నీళ్లలో 90 మిల్లీగ్రాముల సిల్వర్ నైట్రేట్ వేసి మరిగిస్తారు. మరుగుతుండగా 1 శాతం సోడియం సిట్రేట్ 10 మిల్లీలీటర్లు పోసి, గంటసేపు అలాగే మరగనిస్తారు. తేట నీళ్లు మెల్లగా ఆకుపచ్చ కలిసిన పసుపుకు తిరుగుతాయి. అందులో కాస్త ఉప్పునీళ్లు పడితే రేణువులు ఒకదానికొకటి చేరి గుంపు కడతాయి, వాటి మధ్య సందుల్లోనే సిగ్నల్ లేస్తుంది. ఉప్పు ఎక్కువైతే గుంపులు అడుక్కి దిగిపోతాయి, చేసిందంతా వృథా. ‘పునరావృతం కాకపోవడం ప్రధాన సవాలు’ అన్న నీ పొడి వాక్యం తీసేసి ఈ ఉప్పు సంగతి రాయి.

ఫ్లోరైడ్ పోయిన చోట శెనక్కాయ పెట్టు. కాయ ఊరే దశలో వాన మొహం చాటేస్తే గింజకు బూజు పట్టి అఫ్లటాక్సిన్ అనే విషం చేరే ముప్పు పెరుగుతుంది. 1960లో ఇంగ్లండ్‌లో బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ పిండి తిని లక్ష దాకా టర్కీ కోళ్లు చచ్చాకే ఈ విషం బయటపడింది. దీనికి బంధాలున్నాయి, కంపనాలున్నాయి, ఒక చిక్కూ ఉంది. అతినీలలోహిత కాంతిలో ఈ విషంలోని బి1 రకం అణువు నీలంగా మెరుస్తుంది, అలాంటి మెరుపు మామూలు రామన్ సిగ్నల్‌ను ముంచేస్తుంది. అదే అణువు లోహానికి అంటుకుంటే మెరుపు అణిగి రామన్ పైకి లేస్తుంది. అలాగని గింజ రుబ్బి నేరుగా వెండి మీద వేస్తే, విషం కంటే ముందే నూనె, ప్రోటీన్లు అక్కడ తిష్ఠ వేస్తాయి. అందుకే మెథనాల్ కలిపిన నీళ్లతో విషాన్ని బయటికి లాగుతారు, లోహం మీద దాన్నే పట్టే యాంటీబాడీ నాటుతారు. ఈ పాట్లన్నీ వ్యాసంలో ఉండాలి. నేరుగా తినే వేరుశనగలో బి1 రకం కిలోకు 2 మైక్రోగ్రాములు దాటితే యూరప్ ఒప్పుకోదు.

ఆ 2 మైక్రోగ్రాముల మాట రాసేముందు మార్కెట్ యార్డుకు ఒకసారి పోయిరా. విషం బస్తా అంతా సమంగా ఉండదు, బూజు పట్టిన ఏ కొన్ని గింజల్లోనో పేరుకుని ఉంటుంది. సంచిలోకి గుచ్చిన ఇనుప గొట్టంలో ఆ గింజ పడకపోతే ఎంత గొప్ప వెండి అయినా ‘ఏమీ లేదు’ అనే చెబుతుంది. బస్తాకు ఎన్నిచోట్ల గుచ్చుతున్నారో, తీసినవన్నీ కలుపుతున్నారో, పిడికెడు చూసి వదిలేస్తున్నారో హమాలీలను అడిగి రాసుకో. ఉదయం పూటే పో, మధ్యాహ్నానికి సరుకు కదిలిపోతుంది. ఆ వివరాలు చేర్చి రెండో ప్రతి పంపు.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి