నల్లరాయి గ్రానైట్ కంటే ముందుదా, తర్వాతదా?

నల్గొండ వైపు గ్రానైట్ గుట్టల్లో నల్లరాయి ఒకచోట ముక్కలుగా, ఇంకోచోట పొడుగాటి చారగా కనిపిస్తోంది, రెండూ ఒకటేనా అని అడిగారు. కాదండీ. ముక్కలు చాలావరకు గ్రానైట్ కంటే పాతవి. గ్రానైట్‌ను అడ్డంగా కోసుకుంటూ పోయే చారలు దానికంటే కొత్తవి.

ఎమ్మెస్సీలో పెద్దవూర దగ్గర మ్యాపింగ్‌కు వెళ్ళినప్పుడు మొదటిరోజే ఒక నల్లటి పట్టీని చూసి డైక్ అని, అంటే పాత రాతి పగుల్లోకి శిలాద్రవం ఎక్కి గట్టిపడిన చార అని, రాసేశాను. మా సార్ "రంగు కాదు, అంచు చూడు" అన్నారు. వంగి చూస్తే, గ్రానైట్ నుంచి వేలెడు మందం తెల్లటి తీగలు బయల్దేరి నల్లరాయిలోకి దూరి ఉన్నాయి. నాలుగడుగుల అవతల అదే నల్లరాయి ముక్కలై గ్రానైట్ మధ్యలో చిక్కుకుంది. ముక్కల లోపలి పొరలు ఒక్కోదాంట్లో ఒక్కో దిక్కుకు తిరిగి ఉన్నాయి. అంటే గ్రానైట్ ఇంకా శిలాద్రవంగా ఉన్నప్పటికే నల్లరాయి గట్టిపడి, పొరలు తేలి ఉంది. అది ఆంఫిబోలైట్. ఒకప్పటి బసాల్ట్ లావా వేడికీ ఒత్తిడికీ అలా మారింది. ఇక్కడి గ్రానైట్లకే దాదాపు 250 కోట్ల ఏళ్ళు, ఆ ముక్కలు అంతకంటే పాతవి! ఆ రోజు పట్టీ మీద చెయ్యి పెట్టి చాలాసేపు అక్కడే ఉండిపోయాను.

డైక్ అయితే మహబూబ్‌నగర్ రోడ్డు మీద నుంచే తెలుస్తుంది, నల్లగుండ్లు పేర్చినట్టు తిన్నగా సాగే వరుస. ఆ రాయి డోలరైట్, బసాల్ట్ లాంటిదే కానీ నేల లోపలే గట్టిపడింది. అంచుల్లో రేణువులు సన్నగా, మధ్యలో కాస్త ముతకగా ఉంటాయి. చల్లని గ్రానైట్ తగిలి అంచు ముందే గడ్డకట్టింది కాబట్టి.

ఒక జాగ్రత్త. గుడ్డు ఆకారంలో, లోపల పొరల్లేకుండా ఉన్న నల్ల ముద్దలను పాత ముక్కలనుకోవద్దు. గ్రానైట్‌లో ఉండే ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం పెద్ద స్ఫటికాలు వాటిలో కూడా కనిపిస్తే, రెండు శిలాద్రవాలూ ఒకే కాలంలో కలిశాయని అర్థం.

నాగార్జునసాగర్ వైపు లంబాపూర్ దగ్గర సంగతి వేరు. అక్కడ ఇసుకరాయి పొరలు గ్రానైట్ మీద ఊరికే పరుచుకున్నాయి, గ్రానైట్ తీగ ఒక్కటీ వాటిలోకి ఎక్కదు. గ్రానైట్ గట్టిపడి, పైభాగం అరిగిపోయాకే అవి దాని మీద పేరుకున్నాయి.

మీరు చూసింది ఏదో చెప్పాలంటే ఫోటో కావాలి. వాగు కడిగిన బండ మీదైతే బాగా తెలుస్తుంది. రెండు రాళ్ళూ కలిసే అంచు దగ్గర పెన్ను పెట్టి తీయండి.